గిటారు, కరపత్రాల పెట్టె, ఒక ఏడాది

ఆమదాలవలసలో రైలు దిగితే బోర్డు మీద కనిపించే పేరు శ్రీకాకుళం రోడ్. సెలవులు దగ్గరపడే రోజుల్లో ఆ ప్లాట్‌ఫాం మీద ఒక రకం గుంపు దిగుతుంటుంది. ఆరేడుగురు ఉంటారు, ఇరవై దాటి పాతికకు చేరనివాళ్లు. గుడ్డసంచిలో గిటారు, ఒక కంజీర, తాడు కట్టిన అట్టపెట్టె నిండా కరపత్రాలు, చిన్న పుస్తకాలు. వాళ్లతోపాటు ముప్ఫై దాటినవాడు ఒకడుంటాడు, అందరూ అతన్ని ‘అన్నా’ అంటారు. ఆడపిల్లలుంటే వాళ్లకు తోడుగా ఒక ‘అక్క’ ఉంటుంది. ఆటో మాట్లాడుకుని ఊళ్లోకి వెళ్తారు. సంఘంలో ఎవరింట్లోనో అన్నం తిని, సాయంత్రానికి చర్చి హాల్లోనో అద్దెకు తీసుకున్న గదిలోనో చాపలు పరుస్తారు. కాలేజీ పిల్లలు ఇరవైమంది వస్తే మంచి హాజరు, నలభైమంది వస్తే పండగ. ముందు పాటలు, తర్వాత ఒకరిద్దరి ‘సాక్ష్యం’, ఆ తర్వాత ‘వాక్యం’, చివర టీ. సబ్జెక్టులు తప్పి బతుకు మీద విరక్తి పుట్టినవాడు మళ్లీ నిలదొక్కుకున్న కథ చెబుతుంటే వెనక వరసలో ఫోన్లు పక్కకు వెళ్తాయి. మర్నాడు పొద్దున్నే పెట్టె మళ్లీ తాడు కట్టుకుంటుంది. ఈసారి బొబ్బిలి బస్సు, ఎల్లుండి పార్వతీపురం.

ఈ దృశ్యం మీద మన జిల్లాల్లో రెండు మాటలే వినబడతాయి. ఒకటి ‘పిల్లల్ని మతం మార్చడానికి వచ్చారు’ అన్నది, రెండోది ‘ఆత్మల్ని రక్షించడానికి వచ్చారు’ అన్నది. రాష్ట్రాలు వరసగా మతమార్పిడి చట్టాలు చేస్తున్నప్పుడు, క్రైస్తవం స్వీకరించినవారి ఎస్సీ హోదా మీద 2025లో మన హైకోర్టు తీర్పు వచ్చినప్పుడు ఆ మాటల్లో వేడి పెరిగింది. చిత్రం ఏమిటంటే, కత్తులు దూసుకునే ఆ రెండు పక్షాలూ ఒకే నమ్మకం మీద నిలబడి ఉన్నాయి. ఒక సాయంత్రం పాటలు, గంటసేపు ప్రసంగం చాపల మీద కూచున్నవాళ్ల జీవితాన్ని తిప్పేస్తాయని ఇద్దరూ నమ్ముతున్నారు. భయపడేవాడికీ ఆశపడేవాడికీ లెక్క ఒకటే. రెండు శతాబ్దాల చరిత్ర ఆ లెక్కను బలపరచడం లేదు. ఇలాంటి జట్లు బయల్దేరిన చోటల్లా లోతుగా మారింది విన్నవాళ్లు కాదు, తిరిగినవాళ్లు. కాబట్టి చర్చ కూడా చాపల దగ్గర మొదలుపెట్టక్కర్లేదు. ఆ గిటారు మోసుకొచ్చిన కుర్రాడి ఏడాది దగ్గర మొదలుపెట్టాలి.

కేంబ్రిడ్జి కుర్రాళ్లు, కొల్హాపూర్ బిడ్డ

విద్యార్థులకు విద్యార్థులే చెప్పాలన్న ఆలోచన వయసు దాదాపు నూటనలభై ఏళ్లు. 1885లో ఇంగ్లండులో ఏడుగురు యువకులు మిషనరీలుగా చైనాకు ఓడెక్కబోతూ తమ దేశంలోని విశ్వవిద్యాలయాలు తిరిగి మాట్లాడారు. ‘కేంబ్రిడ్జి ఏడుగురు’ అన్న పేరు వాళ్లదే. వాళ్లలో చార్లెస్ స్టడ్ ఇంగ్లండు జట్టుకు ఆడిన క్రికెటర్. బోధకుడు వస్తే రాని జనం క్రికెటర్ వస్తే హాలు నింపారు. ఆ మరుసటి ఏడాది అమెరికాలో ఒక విద్యార్థి శిబిరంలో వందమంది విదేశాలకు సేవకు వెళ్తామని ముందుకొచ్చారు. 1886-87లో రాబర్ట్ వైల్డర్, జాన్ ఫోర్మన్ అనే ఇద్దరు యువకులు 160కి పైగా విద్యాసంస్థలు తిరిగి రెండు వేలమందికి పైగా చేత అలాంటి మాటే రాయించుకున్నారు. ఆ ఇద్దరూ మన దేశంలో పనిచేసిన మిషనరీల కొడుకులు. వైల్డర్ అయితే పుట్టిందే కొల్హాపూర్‌లో. అంటే అమెరికా నుంచి మనకు దిగుమతి అయిందనుకునే ఈ పద్ధతి వెనక మరాఠీ నేల మీద కళ్లు తెరిచిన మనిషి ఉన్నాడు.

1888లో ఆ ఊపు విద్యార్థి స్వచ్ఛంద ఉద్యమంగా స్థిరపడింది. దాని నాయకుడు జాన్ మాట్ 1895-96లో మన దేశమంతా తిరిగాడు. వైఎంసీఏ కార్యదర్శులు కాలేజీ నుంచి కాలేజీకి వెళ్లి మాట్లాడటం ఒక ఉద్యోగమే అయింది. 1912లో భారత విద్యార్థి క్రైస్తవ ఉద్యమం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత, 1954లో, విదేశీ మిషన్ల చేతి కింద కాకుండా విద్యార్థులే నడుపుకునే సంస్థగా యూఈఎస్ఐ (యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) పుట్టింది. మన కాలేజీల్లో ‘ఈయూ’ అని పొట్టిగా పిలుచుకునేది దాని శాఖల్నే. 1960ల మధ్యలో ఇంకో పద్ధతి దిగింది. జార్జ్ వర్వర్ మొదలుపెట్టిన ఆపరేషన్ మొబిలైజేషన్‌లో చేరిన యువకులు ఒకటి రెండేళ్లు ఇల్లు వదిలి, పాత లారీల్లో పుస్తకాలు వేసుకుని ఊళ్లు తిరిగారు. ఈ రెండింటికీ తేడా పైకి కనబడదు గాని పెద్దదే. ఈయూ పద్ధతిలో కాలేజీలో చదివే పిల్లలే ఇంటివాళ్లు, బయటినుంచి వచ్చే స్టాఫ్ వర్కర్ అతిథి. లారీ పద్ధతిలో జట్టే అన్నీ. అది కదిలిపోయాక మిగిలేది చేతిలో చిన్న పుస్తకం.

> చికాకోలులో ఆగిన ప్రయాణం
>
> లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. తెలుగు నేర్చుకుంటూ, చుట్టుపక్కల తిరుగుతూ, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తల అనువాదానికి దిగారు. క్రాన్ 1809 జనవరిలో చికాకోలులో, అంటే నేటి శ్రీకాకుళంలో, కన్నుమూశాడు. మరుసటి ఏడాది డెగ్రాంజ్ పోయాడు. వాళ్లు మొదలుపెట్టిన అనువాదంలో మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తిరిగిన ఊళ్లలో వాళ్ల మాట విన్నవాళ్లెవరో చరిత్రకు దొరకరు. వచన తెలుగుతో కుస్తీ పట్టిన ఆ ఇద్దరి శ్రమ మాత్రం తెలుగు అచ్చు చరిత్రలో చోటు సంపాదించుకుంది.

విన్నవాళ్లకు ఏమైంది?

ఈ ప్రశ్నకు మన నేల మీదే జవాబులున్నాయి. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టాడు. అగ్రకులాల పిల్లలు చేరారు, తొమ్మిదేళ్లు ప్రశాంతంగా గడిచింది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే ఊరు భగ్గుమంది, బడి ఖాళీ అయింది. ‘చూశారా, మాట్లాడితే మారిపోతారు’ అనేవారికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదనిపిస్తుంది. కాస్త ఆగి చూస్తే ఆ సాక్ష్యం ఎదురు తిరుగుతుంది. ఆ ఇద్దరూ ఒక సాయంత్రం సభకు వెళ్లి మారినవాళ్లు కాదు. పెళ్లి చేసుకోకుండా, స్వదేశానికి తిరిగిపోకుండా ఆ బడికే జీవితం ఇచ్చిన ఉపాధ్యాయుడి దగ్గర ఏళ్ల తరబడి చదివినవాళ్లు. తొమ్మిదేళ్లలో వందల గంటల పాఠం తర్వాత తేలిన సంఖ్య రెండు. మాట కన్నా సహవాసం పనిచేసిందనడానికి ఇంకేం కావాలి? ఊరూరా తిరిగే జట్టు దగ్గర లేనిదల్లా ఆ సహవాసమే.

మద్రాసు క్రైస్తవ కళాశాల ఇంకా ఆసక్తికరం. ప్రిన్సిపాల్ విలియం మిల్లర్ ప్రభావం తెలుగువాళ్ల మీద తక్కువేం కాదు. ఆయన శిష్యుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆ ప్రభావాన్ని నిండుగా తాగాడు. క్రైస్తవుడు మాత్రం కాలేదు, బ్రహ్మసమాజంలో చేరాడు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలై, అంటరానివారి పిల్లల్ని చేరదీసి, ఒక తరాన్ని తీర్చిదిద్దాడు. మద్రాసు క్రైస్తవ కళాశాలలోనే చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ క్రైస్తవ అధ్యాపకులు హిందూమతం మీద చేసిన విమర్శలే తనను సొంత మతాన్ని లోతుగా చదివేలా చేశాయని తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. 1931లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ కుర్చీలో కూచున్నది ఆయనే. బోధ విన్న ఒకడు బ్రహ్మసమాజీ అయ్యాడు, ఒకడు వేదాంతి అయ్యాడు. మంచి విద్యార్థికి బోధ పడితే వచ్చే పంట బోధకుడు చల్లిన విత్తనం రకం కానక్కర్లేదు.

1948 డిసెంబరులో రాజ్యాంగసభలో ‘మతాన్ని ప్రచారం చేసుకునే స్వేచ్ఛ’ అన్న మాట ఉంచాలా తీసెయ్యాలా అన్న చర్చ నడిచింది. టి.టి. కృష్ణమాచారి లేచి, తాను పద్నాలుగేళ్లు క్రైస్తవ సంస్థల్లో చదివానని, తనను మతం మార్చే ప్రయత్నం ఎవరూ చేయలేదని చెప్పి ఆ మాటను సమర్థించాడు. ఆ మాట నిలిచింది.

మరి పెద్దఎత్తున మారినవాళ్ల సంగతి? ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారన్నది లోకప్రసిద్ధం. వాళ్లు విద్యార్థులు కారు, కాలేజీ సభలకు వచ్చినవాళ్లు కారు. కరవు పీడించిన మాదిగపల్లెల జనం. ఆ కదలికకు మూలం తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతూ సొంత బంధుజనంతో మాట్లాడిన యెర్రగుంట్ల పేరయ్య. ఆయన మాట చుట్టరికం దారిలో నడిచింది. అక్కడ అవమానం ఉంది, ఆకలి ఉంది, మనిషిగా నిలబడాలన్న కోరిక ఉంది. గిటారు పట్టుకుని ఊరు తెలియని ఊళ్లో దిగే జట్టును ఆ ఘటనతో పోల్చి భయపడటం గాని గర్వపడటం గాని కొలబద్ద తప్పిన పని.

తిరిగినవాళ్లకు ఏమైంది?

ఇప్పుడు లెక్క రెండోవైపు చూద్దాం. కెనడాలోని నోవాస్కోషియాలో హానా మరియా నోరిస్ అనే యువతి బర్మాకు మిషనరీగా వెళ్లాలనుకుంది. మిషన్ బోర్డు దగ్గర డబ్బుల్లేవు. సంఘాల్లోని ఆడవాళ్లనే అడగమన్నారు. 1870 వేసవిలో ఆమె ఊరూరా తిరిగి మాట్లాడింది. మూడు నెలలు తిరగకుండానే ముప్ఫైకి పైగా స్త్రీల సహాయ సంఘాలు నిలబెట్టి, ఓడెక్కింది. ఆ సభల్లో విన్నవాళ్లు నాణేలు పోగుచేసి ఇళ్లలోనే ఉండిపోయారు. దారిపొడవునా మాట్లాడిన మనిషి మాత్రం సముద్రం దాటింది. విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పెళ్లాడి, 1875లో తెలుగు నేలకు మళ్లిన కెనడా బాప్టిస్టుల బృందంతో వచ్చి, భర్తతో చికాకోలులో కాపురం పెట్టింది. ఆ బృందంలోవాళ్లే భీమునిపట్నం, బొబ్బిలి మిషన్లకు పునాది వేశారు. సోంపేటలో కెనడా బాప్టిస్టులు నడిపిన ఆసుపత్రి అదే పరంపర. అక్కడ డాక్టర్ బెన్ గలిసన్ చేసిన కంటి ఆపరేషన్ల కోసం 1963లో కెనడాలో మొదలైన విరాళాల పని ఆపరేషన్ ఐసైట్ అనే అంతర్జాతీయ సంస్థ అయింది. ఉద్దానంలో ఒక ముసలమ్మ కంటి పొర తొలగడానికీ, తొంభై ఏళ్ల ముందు మంచుదేశంలో ఒక పిల్ల ఊళ్లు తిరగడానికీ దారం ఉంది. ఆ దారం విన్నవాళ్ల గుండా కాదు, తిరిగినవాళ్ల గుండా సాగింది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యది ఇంకో ఉదాహరణ. తమిళుడు, 1895 నుంచి వైఎంసీఏ కార్యదర్శిగా దక్షిణదేశం కాలేజీలు తిరిగినవాడు. ఎంతమంది విద్యార్థులు ఆయన మాటతో మారారో ఎవరూ లెక్క రాయలేదు. ఆయన మాత్రం మారాడు. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో సొంత మిషన్ నడుపుతుంటే చూసి తిరునల్వేలిలో అలాంటి సంఘం నిలబెట్టాడు. ఊళ్లు తిరిగి ఇతరులకు చెప్పే ఉద్యోగం 1909లో వదిలేసి, తానే తెలుగు నేర్చుకుని, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌లో దిగాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ‘మీరు వెళ్లండి’ అని చెప్పీ చెప్పీ చివరికి తానే వెళ్లినవాడాయన.

మన గడ్డ మీదే అయితే పురుషోత్తమ చౌదరి. 1803లో మదనాపురంలో పుట్టి, పర్లాకిమిడి ప్రాంతంలో పెరిగిన బ్రాహ్మణుడు, వంగ మూలాలున్న కుటుంబం. 1833లో కటకం వెళ్లి బాప్తిస్మం తీసుకున్నాడు. మిగిలిన జీవితమంతా నడకే. 1890లో పోయేదాకా గంజాం, చికాకోలు, విశాఖ దారుల్లో ప్రకటిస్తూ తిరిగాడు. ఆయన ప్రసంగం ఒక్కటీ ఎవరికీ గుర్తు లేదు. రాసిన కీర్తనలు వందకు పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోంచి ఆదివారం తీసి పాడుతున్నారు. కర్ణాటక రాగాలు, ప్రబంధాల తెలుగు తెలిసిన మనిషి క్రైస్తవుడై ఊళ్లు తిరిగితే తెలుగు క్రైస్తవానికి గొంతు దొరికింది. నేటి జట్లు గిటారు మీద అనువాదపు పాటలు పాడుతున్నప్పుడు, తెలుగు ఎదురుగా ఉండగానే తెలుగు కానిదేదో వినిపిస్తుంటే, ఆయన పేరు గుర్తుకు రాకమానదు.

కుర్రాళ్లు చదువు పక్కనబెట్టి ఊళ్లు తిరగడం శ్రీకాకుళానికి కొత్త కాదన్నది మరొక సంగతి. బొడ్డపాడుకు చెందిన విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ దళంతో ఉద్దానం పల్లెలు చుట్టినప్పుడు చేతిలో ఉన్నదీ పాటే, వెంట ఉన్నదీ యువకుల జట్టే. 1969 డిసెంబరులో ఆయన్ని కాల్చి చంపారు. రెండు నమ్మకాలకూ పోలిక లేదు. ఒకటి రాజ్యాన్ని ఎదిరించింది, ఇంకొకటి పరలోక రాజ్యం మాట చెబుతుంది. వయసు మాత్రం ఒకటే, వేడి ఒకటే. పాట నేర్చుకుని పక్క ఊరికి వెళ్లినవాడు వెళ్లినట్టుగా తిరిగి రాడన్న సంగతి ఈ జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఏడాది ఖరీదు

ఇక్కడ మన ప్రాంతపు లెక్క వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం, నేటి ఆంధ్రప్రదేశ్ పరిధిలోని అప్పటి పదమూడు జిల్లాల్లో అట్టడుగు. శ్రీకాకుళం దానికి కొంచెం పైన. తండ్రి హైదరాబాదులోనో చెన్నైలోనో కట్టుబడి పనికి వెళ్లి డబ్బు పంపితే ఎచ్చెర్లలోనో రాజాంలోనో చదివే పిల్లవాడు ఆ ఇంట్లో మొదటి పట్టభద్రుడు. వాడి చేతికి డిగ్రీ వచ్చిన ఏడాది వాడి ఒక్కడిదే కాదు, చెల్లెలి పెళ్లిదీ అమ్మ మందులదీ కూడా. ‘సదువైపోయింది గదా, ఉజ్జోగం సూసుకోవా, ఊర్లంట తిరుగుతావేటి’ అని అడిగే తల్లి దేవుడికి వ్యతిరేకి కాదు. చాలాసార్లు ఆమే ఆదివారం ముందు వరసలో కూచునే మనిషి. లండన్‌లోనో టొరంటోలోనో డిగ్రీకీ ఉద్యోగానికీ మధ్య ఒక ఏడాది ఖాళీగా తిరగడం మామూలు సంగతి. మెంటాడలోనో మెళియాపుట్టిలోనో అది అప్పు.

అయినా చేరుతున్నవాళ్లున్నారు. ఎందుకు? ‘పిలుపు’ అన్నది వాళ్ల జవాబు, దాన్ని కొట్టిపారేసే హక్కు బయటివాళ్లకు లేదు. దానితోపాటు ఇంకేం దొరుకుతోందో మాత్రం చూడవచ్చు. తరగతిలో నోరెత్తని పిల్ల ముప్ఫైమంది ముందు నిలబడి తన కథ చెబుతుంది. సవర ఇంటినుంచి వచ్చిన కుర్రాడు విశాఖ కాలేజీలో మాట్లాడతాడు. కొత్త ఊళ్లో తెలియని ఇంట్లో ఏది పెడితే అది తినడం, జట్టులో గిట్టనివాడితో నెల్లాళ్లు ఒకే గదిలో సర్దుకోవడం, లెక్కలు రాయడం, ఎదుటివాడి ఎగతాళిని నవ్వుతూ వినడం అలవాటవుతాయి. మన కాలేజీలు నేర్పాల్సి ఉండి నేర్పని విద్యలు ఇవి. క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం వేలకు వేలు పోసి నేర్చుకునే ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ ఇక్కడ చాప మీద ఉచితంగా వస్తున్నాయి. మనవాళ్లకు వేదిక దొరకని చోట ఏ జట్టు వేదిక ఇస్తే ఆ జట్టు నిండుతుంది. ఒకప్పుడు ఎర్రజెండా ఇచ్చింది, ఇప్పుడు భజన బృందాలూ సేవాసంస్థలూ సువార్త జట్లూ ఇస్తున్నాయి.

నష్టం కూడా అదే మనిషిదే. దళిత కుటుంబంలోంచి వచ్చిన కుర్రాడు జట్టులో చేరి బహిరంగంగా సాక్ష్యం చెప్పడం మొదలుపెడితే, ఏళ్లుగా ఇంట్లో నడుస్తున్న మౌన సర్దుబాటు, అంటే సర్టిఫికెట్‌లో ఒకటి, ఆదివారం ఒకటి అన్నది, ఒక్కసారి వెలుగులో పడుతుంది. విన్నవాళ్ల కాగితాలకు ఏమీ కాదు. మాట్లాడినవాడి కాగితానికే చిక్కు. గిరిజన యువకుడికి ఆ భయం లేదు, ఎందుకంటే ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. ఒకే జట్టులో ఒకే పాట పాడే ఇద్దరికి చట్టం వేసే బిల్లు వేర్వేరు. జట్టు నడిపే ‘అన్న’ కొత్తగా చేరినవాడికి మొదటి రోజు చెప్పాల్సింది ఇదే.

> చట్టం ఎక్కడ గీత గీసింది?
>
> రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ ఇచ్చింది. ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మార్చే హక్కు లేదని స్టానిస్లాస్ కేసులో 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కుదరదు. గుర్తింపో సాయమో పొందే మిగతా సంస్థల్లోనూ విద్యార్థి ఒప్పుకోకుండా, మైనరైతే సంరక్షకుడు ఒప్పుకోకుండా, అందులో పాల్గొనమని బలవంతపెట్టకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు, కోటా ఒక శాతం. వాళ్లకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో శాసనసభ తీర్మానించింది. మారినవారికి ఆ హోదా ఉండదని, అట్రాసిటీ చట్టం కింద రక్షణ కోరలేరని 2025లో హైకోర్టు చెప్పింది.

‘పసిమనసులు కదా’

ఈ వాదనకు ఎదురు వచ్చే మాటల్లో బరువైనది ఇది. వింటే మారరంటున్నారు సరే, పదహారేళ్ల ఇంటర్ పిల్లల సంగతేమిటి? హాస్టల్లో ఒంటరిగా, ర్యాంకుల ఒత్తిడిలో ఉన్నవాడి దగ్గరికి పాటతో, ఆప్యాయతతో వెళ్లడం బలహీనత మీద దెబ్బ కొట్టడం కాదా? ఈ అభ్యంతరంలో న్యాయం ఉంది, దాన్ని తప్పించుకోకూడదు. పందొమ్మిదేళ్ల డిగ్రీ విద్యార్థికి ఓటు ఉంది, వాడు ఏ సభకు వెళ్లాలో వాడిష్టం. పదిహేనేళ్లవాడి దగ్గరికి తల్లిదండ్రులకు తెలియకుండా వెళ్లే జట్టు చట్టం సంగతి అటుంచి మర్యాద తప్పింది. ‘వ్యక్తిత్వ వికాసం’, ‘పరీక్షల భయం పోగొట్టుకోవడం ఎలా’ అని బ్యానర్ కట్టి లోపల సువార్త చెప్పడం ఇంకా తప్పు. అది విన్నవాడికన్నా చెప్పినవాడికే చేటు. సత్యం చెప్పడానికి అబద్ధపు బోర్డు పెట్టడం ఇరవై రెండేళ్లకే అలవాటైన మనిషి తర్వాత ఏ పాస్టరవుతాడో, ఏ అధికారవుతాడో ఊహించుకోవచ్చు. గుమ్మం మీద ఉన్న పేరే లోపల వినిపించాలి. ఇది క్రైస్తవ జట్లకే కాదు, యోగా పేరుతో, దేశభక్తి పేరుతో, కెరీర్ గైడెన్స్ పేరుతో కాలేజీల్లోకి వచ్చే ప్రతి జట్టుకూ వర్తిస్తుంది.

‘విదేశీ డబ్బు’ అన్నది రెండో మాట. క్రాన్ రోజుల్లో అది నిజం, ఆర్మ్‌స్ట్రాంగ్ రోజుల్లోనూ నిజం. ఇప్పుడు 2020 సవరణ తర్వాత విదేశీ విరాళం ఢిల్లీలోని స్టేట్‌బ్యాంకు ఖాతా గుండానే రావాలి, తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు ఇరవై శాతం దాటకూడదు. చిన్న జట్లకు ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఇక మిగిలింది సంఘాల్లో కానుకల సంచి, తమ పట్టభద్రులు నెలనెలా పంపే వెయ్యీ రెండువేలూ. నిజానికి అడగాల్సింది డబ్బు ఏ దేశానిదని కాదు, ఎవరి చేతికి లెక్క చెబుతున్నారని. ‘విశ్వాసంతో బతకడం’ అనే అందమైన మాట కింద జీతం లేకుండా, బీమా లేకుండా కుర్రాళ్ల చేత రెండేళ్లు పని చేయించుకుని, జబ్బు చేస్తే ఇంటికి బస్సెక్కించే పద్ధతి ఏ దేశపు డబ్బుతో నడిచినా దోపిడీయే.

మూడోది సూటి ప్రశ్న. మారేది తిరిగేవాళ్లే అయితే, విన్నవాళ్లు వాళ్ల సాధనకు గోడల్లాంటివాళ్లా? పాపం ఇరవైమందిని కూచోబెట్టి ఒకడు ఉపన్యాసం నేర్చుకోవడమా? విన్నవాళ్లకు ఏమీ కాదని ఈ వాదన అనడం లేదు. వాళ్లకు జరిగేది బోధకుడి ప్రణాళిక ప్రకారం జరగదంటోంది. రాధాకృష్ణన్ కోపంతో ఉపనిషత్తులు తెరవడం కూడా జరగడమే. విజయనగరంలో సభ నుంచి బయటికొచ్చి ‘వాడు చెప్పిందానికి మన దగ్గర జవాబేమిటి’ అని తాతనడిగే కుర్రాడికి ఆ సాయంత్రం వృథా కాలేదు. జట్టుకు అది కిట్టకపోవచ్చు. ప్రశ్నలకు గంట, ప్రసంగానికి అరగంట కేటాయించే జట్టును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అక్కడ వెనక వరస కూడా మాట్లాడుతుంది.

> చేరేముందు అడగండి
>
> ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఏమవుతుంది? ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి? ‘దాచిపెడతాం, ఇవ్వండి’ అంటే అక్కడే ఆగాలి. జబ్బు చేస్తే ఖర్చెవరిది? వారానికొకసారి ఇంటికి ఫోను చేసే వీలుందా? ఆడపిల్లల బసకు బాధ్యులెవరు, ఫిర్యాదు ఎవరికి చెప్పాలి? లెక్కలు ఎవరైనా చూడవచ్చా? గతేడాది చేరినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో చెప్పగలరా, వాళ్లతో మాట్లాడనిస్తారా?

తిరిగొచ్చాక

ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా తక్కువమంది అడుగుతారు. ఎంతమందికి కరపత్రాలు ఇచ్చాం, ఎన్ని కాలేజీలు తిరిగాం, ఎంతమంది చేతులెత్తారు అన్న లెక్కలు జట్లు జాగ్రత్తగా రాస్తాయి. మతమార్పిడిని ఎదిరించే సంఘాలు అవే అంకెల్ని ఎత్తి చూపి హెచ్చరిస్తాయి. ఇరువురూ రాయని పట్టిక ఒకటుంది. ఏడాది తిరిగి వచ్చిన ఆరేడుగురు ఏమయ్యారు? ఎవరు బీఈడీలో చేరారు, ఎవరు బ్యాంకు పరీక్ష రాశారు, ఎవరు పాస్టరయ్యారు, ఎవరు అలిసిపోయి చర్చికే దూరమయ్యారు, ఎవరి ఇంట్లో మాటలు ఆగిపోయాయి? వైల్డర్ దగ్గర పేరు రాసిచ్చిన రెండు వేలమందిలో చాలామంది ఓడెక్కనే లేదు. ఆ సంగతి ఆ ఉద్యమం దాచలేదు, దాని మీద చర్చలు పెట్టుకుంది. మన జట్లకు ఆ పాటి ధైర్యం ఉంటే అమ్మల ప్రశ్నకు జవాబు పాటలో కాకుండా పుస్తకంలో దొరుకుతుంది.

పార్వతీపురం దాటి, సాలూరు చూసుకుని, జట్టు మళ్లీ ఆమదాలవలస చేరేసరికి అట్టపెట్టె తేలికవుతుంది. అందులో మిగిలిన నాలుగు కరపత్రాల్ని ఎవడో ఒకడు ఇంటికి పట్టుకుపోతాడు. గిటారు మాత్రం ‘అన్న’ది, అతనితోనే వెళ్తుంది. పలాస వైపు ఇద్దరు, విశాఖ వైపు నలుగురు. రైలు వచ్చేలోగా ఒకరి నంబరు ఒకరు మళ్లీ సరిచూసుకుంటారు. ఇంట్లో దిగగానే అమ్మ అడిగే మొదటి మాట ఎంతమంది మారారని కాదు. ‘ఇలా చిక్కిపోయేవేటి’ అని.